పగడపు పాము, దాని పోలిక పాము



పాము అను మాట వినబడినంతనే మన కన్నులకు గట్టునది పడగ. పడగ గలది విషము గలదనియు, పడగ లేనిది విషము లేనిదనియు బలువురి నమ్మకము. ఆ పైన పొడవును, లావును జూచి భయపడుట గలదు. బారెడు జెఱ్ఱిపోతు కనబడినచో వీధి వీధియంతయు గఱ్ఱలు గొని బయలుదేఱును. జానెడు పొడవు గల సన్నని పాము కనబడినచో "ఏదో పిల్లపాము" అని చీపురుతో నూడ్చివేయుదుము. ఆ జెఱ్ఱిపోతు విషము లేనిది. ఎలుకలను దిని మన ధాన్యమును గాపాడునది. ఆ జానెడు పామో, ఒక్కొక్కప్పుడు నాగుబాము వంశములోనిది. పగడపు పాము అట్టిది. దానిని గుర్తించు విధమును, శాస్త్రజ్ఞులు దాని నే వర్గమున నేల చేర్చిరను విషయమును ఈ మాసము వ్రాయుచున్నాను. పెరడును, కట్టెల గదియు, పూలకుండీలును మన చేతి క్రిందివే గనుక నీ యెఱుక ముందుగా మనకే కావలసియున్నది.

మన దేశమున బగడపు పాములు కొన్ని జాతులు గలవు. వానిలో దక్షిణ భారతమున బలుతావుల నుండునది, మన తెలుగునాటను గానవచ్చునది సన్నని పగడపు పాము. దీని శాస్త్రనామము కాలియోఫిస్ మెలనూరస్. గ్రీకు భాషలో మొదటి మాటకు సుందరమైన పామనియు, రెండవ మాటకు నల్లని తోక గలదనియు నర్థము. పూర్తిగ నెదిగినదియు 35 సెంటీమీటర్లకు, అనగా సుమారు జానెడున్నరకు మించుట యరుదు. లావు పెన్సిలు పాటి యైనను ఉండదు. వీపు లేత గోధుమ వన్నె. దానిపై మిక్కిలి చిన్న చుక్కలు. తలయు మెడయు నలుపు. ఆ నలుపుపై బసుపు మచ్చలు. తోకపై రెండు నల్లని పట్టెలు గలవు. ఒకటి తోక మొదట, రెండవది కొన దగ్గఱ. కడుపు మాత్రము చక్కని పగడపు రంగు. తోక యడుగు భాగము నీలము గలిసిన బూడిద వన్నె.

పేరునకు గారణమైన యా పగడపు రంగు కడుపున దాగియుండును గనుక నడచుచున్న పామును బైనుండి చూచిన వారికి గనబడదు. పేరు విని యెఱ్ఱని పాము కొఱకు వెదకువారు గోధుమ వన్నె పామును జూచి ఇది పగడపు పాము కాదని యూరడిల్లుదురు. పొరపాటున కిదియే మొదటి ద్వారము. 

ఈ పాము పగటివేళ రాళ్ల క్రిందను, ఎండుటాకుల క్రిందను, మెత్తని మంటిలోను అణగియుండి రాత్రి వెడలును. వానపామును బోలిన గ్రుడ్డిపాములు దీని కాహారము. కోపస్వభావము కలది కాదు. బెదరించినప్పుడు తోకను జుట్టగా జుట్టి పైకెత్తి, అడుగుననున్న నీలి వన్నెను, నల్లని పట్టెలను జూపును. తల మెడకంటె వెడల్పుగా నుండదు గనుక చూచువాని కన్ను తోకను దల యని భ్రమించును. చిన్నపిల్లలకు ఆ చుట్ట యాటవస్తువు వలె దోచును. వారు చేయి చాచినచో అసలు తల రెండవ వైపున నున్నది.

ఇక దీని పోలిక పాముల మాట. మన పెరళ్లలో దీనితో గలసిపోవునవి ముఖ్యముగ రెండు.

మొదటిది గ్రుడ్డిపాము. స్నానపు గదులలోను, పూలకుండీల మంటిలోను గానవచ్చునది తఱచుగ నిదియే. దీనికి విషము లేదు. దేహమంతయు నొకే రంగు. నిగనిగలాడు నలుపో, నలుపు గలిసిన గోధుమయో. తలకు వేఱు రంగు లేదు, తోకకు బట్టెలు లేవు. కన్నులు పొలుసుల క్రింద నల్లని చుక్కల వలె మాత్రము దోచును. పగడపు పామునకు దిండియైన యీ యమాయకపు జీవిని బగడపు పామే యని చంపువారును గలరు. పగడపు పామును గ్రుడ్డిపాము అనుకొని చేతితో దీసి పాఱవేయువారును గలరు.

రెండవది నల్లతల పాము. శాస్త్రజ్ఞులు సిబినోఫిస్ సబ్‌పంక్టేటస్ అందురు. ఇదియే నిజమైన చిక్కు. ఇదియు సన్ననిదే, దీని వీపును గోధుమ వన్నెయే, దీని తలయు మెడయు నల్లనివే, ఆ నలుపుపై బసుపు గుర్తులును గలవు. విషము మాత్రము లేదు. రెండింటిని బ్రక్కప్రక్కన నుంచినచో దూరము నుండి అక్కచెల్లెండ్రనవలసినదే. భేదము లెక్కడ ననగా: నల్లతల పామునకు వెన్నెముక వెంబడి నల్లని చుక్కలు వరుసగా నుండును, పగడపు పాము చుక్కలు వీపంతయు జల్లినట్లుండును. నల్లతల పాము కడుపు పాలిపోయిన రంగు గలిగి, రెండంచుల వెంబడి నల్లని చుక్కలతో నుండును. పగడపు పాము కడుపు మచ్చలేని పగడము. అన్నిటికంటె సులభమైన గుర్తు తోక. రెండు నల్లని పట్టెలు పగడపు పామునకే కలవు. కావున తలను జూచి నిర్ణయింపరాదు, తోకను జూడవలయును.

రంగును మాత్రమే నమ్ముకొనుటలో నెంత ప్రమాదము గలదో యమెరికా ఖండపు పగడపు పాములు చక్కగా దెలుపును. అచటివి మైక్రూరస్ అను ప్రజాతికి జెందినవి. ఎనుబదికి మించిన జాతులు గలవు. పెక్కింటి దేహముపై నెఱుపు, పసుపు, నలుపు కడియములు తొడిగినట్లుండును. వానిని బోలిన కడియములతోడనే విషములేని పాములును గలవు. విషము గలదాని వేషము ధరించినచో శత్రువులు దూరముగ దొలగుదురు గదా! సంయుక్త రాష్ట్రములలో నే రంగు కడియమున కే రంగు తగిలియున్నదో చూచి విషము గలదానిని గుర్తింపుమని పిల్లలకు నొక పదము నేర్పుదురు. ఆ పదము ఆ దేశపు పాములకే కొంతవఱకు సరిపోవును. మెక్సికోకును, దక్షిణ అమెరికాకును బోయినచో బనికిరాదు. మన దేశమున నది బొత్తిగ వ్యర్థము. మన సన్నని పామునకు గడియములే లేవు గదా!

రంగు చాలదన్నచో వర్గీకరణము దేనినిబట్టి చేయవలయును? ఈ ప్రశ్న మనవారికి గ్రొత్తది కాదు. సుశ్రుత సంహిత కల్పస్థానమున భూమిపై నుండు పాములను దర్వీకరములు, మండలులు, రాజిమంతములు, నిర్విషములు, వైకరంజములు అని యైదు తెగలుగ విభజించిరి. దర్వి యనగా గరిటె. గరిటె వంటి పడగ గలవి దర్వీకరములు. గుండ్రని మచ్చలు గలవి మండలులు. చారలు గలవి రాజిమంతములు. నాలుగవ తెగకు విషము లేదు, ఐదవది సంకరము. కంటికి గనబడు గుర్తులను విషపు లక్షణములతో ముడివెట్టుటకు జేసిన గొప్ప ప్రయత్న మిది.

అయినను నిందొక చిత్రము గలదు. రాజి యనగా చార. సుశ్రుతుని రాజిమంతములు విషము గలవి. అమరకోశమున రాజిల మనునది డుండుభమునకు బర్యాయపదము. డుండుభమో విషము లేనిది. ఒకే చార, ఒకే ధాతువు. ఒకచోట విషము, మఱియొకచోట నిర్విషము! చారను జూచి తీర్పు చెప్పరాదనుటకు మన నిఘంటువే సాక్ష్యము.

నేటి శాస్త్రము మొదట జూచునది దంతములను. రక్తపింజరికి గోఱలు పొడవైనవి. నోరు మూసినప్పుడు మడత పడును. నాగుబామునకు, గట్లపామునకు గోఱలు పొట్టివి. ముందు వైపున గదలక నిలిచియుండును. పగడపు పామును నోరు తెఱచి చూచినచో దాని కోఱలును బొట్టివి, కదలనివి, ముందు వైపునివి. అందుచేత బడగ లేకున్నను అది నాగుబాము కుటుంబమైన ఎలాపిడేలో జేరినది. సముద్రపు పాములును ఈ కుటుంబములోనివే. పడగ చుట్టఱికమునకు గుర్తు కాదు; కోఱ గుర్తు.

రెండవది పొలుసులు. మామూలు విషములేని పాములలో బెక్కింటికి ముక్కు పొలుసునకును, కంటి ముందరి పొలుసునకును నడుమ జెంపపొలుసు ఒకటి యుండును. ఎలాపిడే కుటుంబమున నది యుండదు. పై పెదవి పొలుసులను ముందునుండి లెక్కించినచో మూడవది పెద్దదై యొకవైపు ముక్కు పొలుసును, మఱియొకవైపు గన్నును దాకినచో నది నాగుబామో, పగడపు పామో కావలయునని ఫ్రాంక్ వాల్ అను వైద్యుడు ఇరువదవ శతాబ్దపు టారంభమున గుర్తింపు సూత్రముగ వ్రాసెను. దేహము చుట్టును బొలుసుల వరుసలు లెక్కించినచో బగడపు పామునకు 13, నల్లతల పామునకు నడిదేహమున 17. కంటికి అక్కచెల్లెండ్రుగ దోచిన రెండు పాములు ఈ లెక్కతో నేనాడును గలియని రెండు వంశములని తేలినవి. ఈ పొలుసుల లెక్క చచ్చిన పామును శాస్త్రశాలలో జూచువారికి మాత్రమే. ఇంటిలో నెవ్వరును బెదవి పొలుసులు లెక్కించుటకై పాము దగ్గఱకు బోరాదు.

ఈ శాస్త్రచరిత్రమున మన తెలుగునాటికి నొక మంచి స్థానము గలదు. స్కాట్లాండు దేశపు వైద్యుడైన ప్యాట్రిక్ రస్సెల్ 1780 దశకమున విశాఖపట్టణమున నివసించెను. ఏ పాము విషము గలదో యేది కాదో జనులు నిశ్చయముగ దెలిసికొనుటకు గుర్తులు కావలయునని పాములను సేకరించి, బొమ్మలు వ్రాయించి, 1796లో గోరమండల తీరపు పాములను గూర్చి గొప్ప గ్రంథమును బ్రకటించెను. అందు మన గ్రామీణులు చెప్పిన పేర్లను ఇంగ్లీషు లిపిలో వ్రాసికొనెను. రక్తపింజరికి గాటుక రేకుల పొడ యను నందమైన పేరు ఆ గ్రంథమున గలదు. పసుపు పట్టెల కట్లపామును మనవారు బంగారు పామనిరి. ఆ మాటనుండియే 1803లో డాడిన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కట్లపాముల ప్రజాతికి బంగారస్ అని పేరు పెట్టెను. నేడు లోకమంతట గట్లపాములను ఈ తెలుగు మాటతోడనే వ్యవహరింతురు. బంగారు వన్నె యేమాత్రమును లేని నల్లని కట్లపాము గూడ బంగారసే! రంగునుబట్టి పుట్టిన పేరు వంశమున కంతకును బాకినప్పుడు రంగు మాసిపోవును, వంశము నిలుచును.

సన్నని పగడపు పామునకు 1802లో జార్జి షా పేరు పెట్టినప్పుడు దానిని కోలుబర్ అను ప్రజాతిలో జేర్చెను. ఆ కాలమున కోలుబర్ ఒక పెద్ద గాదె. నాగుబాము మొదలు నీరుకట్టె వఱకు ననేక జాతులు అందే యుండెడివి. లిన్నేయసు చూపిన పద్ధతిని బట్టి కడుపు పొలుసులను, తోక పొలుసులను లెక్కించుటయే యప్పటి ముఖ్యమైన కొలత. పిదప గ్రే యను శాస్త్రజ్ఞుడు కాలియోఫిస్ అను ప్రజాతిని వేఱుచేసెను. ఆసియాలోని పగడపు పాములు చాల కాలము మాటికోరా యనియు, గాలియోఫిస్ అనియు రెండు ప్రజాతులుగ నుండెను. 2001లో స్లొవిన్స్కియు నాతని తోడివారును దేహలక్షణములతో బాటు జన్యువులను గూడ బోల్చి చూచి మాటికోరాను గాలియోఫిస్‌లో గలిపివేసిరి. చైనా మొదలగు దేశములందుండు కొన్నిటిని సైనోమైక్రూరస్ అను క్రొత్త ప్రజాతిగ వేఱుచేసిరి. 2012లో బశ్చిమ భారతమునుండి కాలియోఫిస్ కాస్టోయే యను క్రొత్త జాతి వర్ణింపబడినది. రెండు వందల యేండ్లకు బైగా నొక చిన్న పామును ఒక గదినుండి మఱియొక గదికి మార్చుచున్నారని నవ్వవచ్చును. కాని యా మార్పులన్నియు నొకే ప్రశ్నకు సమాధానములు: ఈ ప్రాణి పైకెట్లున్నదని కాక, యెవరి బిడ్డ యని యడుగుట.

ఆదిపర్వములోని రురుని కథ మీలో బలువు రెఱిగినదే. ప్రమద్వర పాము కాటుచే మరణింపగా రురుడు తన యాయువులో సగమిచ్చి యామెను బ్రదికించుకొనెను. ఆ పగతో గనబడిన పామునెల్ల గఱ్ఱతో గొట్టుచు దిరిగెను. ఒకనాడు డుండుభ మొకటి కంటబడెను. కొట్టబోగా నది మనుష్యభాషతో, మనుష్యులను గఱచు పాములు వేఱనియు, తాను వానివంటిది కాదనియు మొఱపెట్టుకొనెను. సహస్రపాదుడను మునియే శాపవశమున నా రూపమున నుండెను. నన్నయభట్టారకుడును ఈ కథను దెలుగున జెప్పెను. కథలోని డుండుభమునకు నోరున్నది. మన పెరటిలోని నల్లతల పామునకు మాటరాదు. అది తన నిర్దోషత్వమును చెప్పుకొనలేదు. పగడపు పామును తన విషమును చెప్పి హెచ్చరింపలేదు. ఈ రెండు మూగజీవుల బదులుగా మనమే తెలిసికొనవలసియున్నది.

తెలియనిచో నేమి చేయవలయును? దీనికి నేనొక చిన్న సూత్రము చెప్పుదును. పామేదో నిశ్చయము లేనప్పుడు చేతి విషయమున దానిని విషము గలదానిగ నెంచుడు. కఱ్ఱ విషయమున నిర్దోషిగ నెంచుడు. అనగా ముట్టరాదు, కొట్టరాదు. పిల్లలను దూరముగ దీసికొనిపోయి, నాలుగడుగుల దూరమున నిలిచి, తలుపు తెఱచి దానికి దారి యిచ్చినచో అది తానే పోవును. పోకున్నచో శిక్షణ గలిగిన పాములవారినో, అటవీశాఖ వారినో పిలిపింపుడు. దూరమునుండి ఫోనుతో నొక ఛాయాచిత్రము తీసినచో, తోక పట్టెలను జూచి తెలిసినవారు చెప్పగలరు.

ముందు జాగ్రత్తలు కష్టమైనవి కావు. పూలకుండీలను జరుపునప్పుడు, ఎండుటాకులు పోగుచేయునప్పుడు, ఇటుకలు తీయునప్పుడు చేయి ముందుగా బోనీయక పొడవైన కఱ్ఱతో గదలింపుడు. చీకటిలో దీపము లేక పెరటిలోనికి బోవలదు. వాకిట నుంచిన చెప్పులను దులిపి తొడుగుకొనుడు. పిల్లలకు "పాము కనబడిన పరుగెత్తి వచ్చి చెప్పుము" అని మాత్రమే నేర్పుడు. చిన్నపాము విషములేనిదని యెన్నడును నేర్పవలదు.

కఱచినప్పుడు మాత్రము గుర్తింపు శాస్త్రమును బక్కన బెట్టవలయును. పామును బట్టుకొనుటకో, చంపి యాసుపత్రికి దీసికొనిపోవుటకో కాలము వ్యర్థపఱుపరాదు. గాజులు, ఉంగరములు, మెట్టెలు వెంటనే తీసివేయుడు. వాపు వచ్చిన పిమ్మట నవి రావు. కఱచిన యవయవమును గదలనీయక బద్దతో నిలుపుడు. గాయమును గోయరాదు, నోటితో బీల్చరాదు, త్రాటితో బిగించి కట్టరాదు. మంత్రము కొఱకు నిలువరాదు. 108కి ఫోను చేసి యాసుపత్రికి జేర్పుడు. మన దేశమున లభించు విషపు విరుగుడు మందు నాగుబాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి యను నాలుగింటి విషముతో దయారైనది. పగడపు పాము విషము అందు జేరలేదు. అందుచే వైద్యుడు లక్షణములను గనిపెట్టుచు జికిత్స చేయును. పగడపు పాము నోరు చిన్నది, స్వభావము పిఱికిది, కాట్లు అరుదు. అరుదైనంత మాత్రమున నిర్లక్ష్యము తగదు.

గృహిణి బియ్యములోని రాయిని గన్ను మూసినను వేళ్లతో గుర్తించును. పప్పులో గలిసిన గింజను ఒక్క చూపుతో నేరివేయును. ఆ నేర్పే యిచటను గావలసినది. తల నల్లగానున్నదని తొందరపడక తోక వఱకు జూచు నోర్పు నలవఱచుకొన్నచో మన యింటి పసిపాపకు రక్షణయు, పెరటిలోని డుండుభమునకు బ్రాణభిక్షయు నొక్కమారే లభించును.